మళ్లీ ఏడాదికి వచ్చేవాళ్లు

"కళాయీ... గిన్నెలకు కళాయీ..."

ఈ కేక ఊరి మొదట్లో వినబడిందంటే చాలు, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇల్లాళ్లు అటకల మీంచి ఇత్తడి బోగాన్లు, రాగి కాగులు, సర్వలు దించేవాళ్లు. చింతపండు పులుసు పడితే ఇత్తడి గిన్నెకు కిలుము పడుతుంది. అందులో వండింది నోట పెట్టలేం, పెట్టినా కడుపు ఊరుకోదు. లోపల తగరం పూత ఉంటేనే ఆ గిన్నె వంటకు పనికొస్తుంది. ఆ పూత ఏడాది తిరిగేసరికి అరిగిపోతుంది. సరిగ్గా అప్పటికి కళాయి సాయిబు వచ్చేవాడు.

వేపచెట్టు కింద చిన్న గుంత తవ్వి, దానికి తోలు తిత్తి బిగించి, బొగ్గులు రాజేసేవాడు. వెంట వచ్చిన పిల్లవాడు గిన్నెలో ఇసుక పోసి, పాత గుడ్డ వేసి, వట్టి కాళ్లతో అందులో నిలబడి నడుం అటూ ఇటూ తిప్పుతూ మురికి వదలగొట్టేవాడు. ఊరి పిల్లలకు అదే సగం వినోదం. తోమిన గిన్నె నిప్పుల మీద కాగుతుండగా సాయిబు చిటికెడు నవాసారం పొడి చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది. తగరం కడ్డీని అలా ఆనిస్తే వెన్నలా కరిగేది. దూది ఉండతో చుట్టూ ఒక్క తుడుపు తుడిచి గిన్నెను నీళ్లలో ముంచితే, పాత ఇత్తడి లోపల వెండి మెరిసినట్టే ఉండేది.

ఈ పనిలో చూడవలసింది ఇంకొకటి ఉంది. అందరూ అక్కడికక్కడే డబ్బులు ఇచ్చేవాళ్లు కాదు. "పంట రాలే, మల్లొచ్చినప్పుడు తీస్కో" అనేది ఒక ఇల్లాలు. సాయిబు తలూపి వెళ్లిపోయేవాడు. మళ్లీ ఏడాదికి వచ్చినప్పుడు ఆమె రెండేళ్ల లెక్కా చూసి జొన్నలు కొలిచేది. ఊరూపేరూ తెలియని వాళ్లకు ఎవరూ అరువు పెట్టరు. ఇల్లు లేకుండా తిరిగే మనిషికీ, ఊళ్లో పాతుకుపోయిన మనిషికీ మధ్య అరువు నడిచిందంటే, ఆ తిరిగేవాడు ఎప్పుడు వస్తాడో, ఏ దారిన వస్తాడో ఊరికి తెలుసన్నమాట. దేశదిమ్మరులు అని ఒక్క మాటతో కొట్టిపారేసే జనం గురించి ముందుగా చెప్పుకోవలసింది ఇదే. వాళ్లు దిక్కూ తెన్నూ లేకుండా తిరగలేదు. ఒక వరసలో తిరిగారు.

ఆ వరసకు పంచాంగం పంటలే. జొన్న, సజ్జ, ఆముదం, పల్లికాయ పండే మెట్ట నేలలివి. పంట కల్లానికి చేరితేనే పల్లె చేతిలో నాలుగు గింజలు ఆడతాయి. అందుకే కోతలు మొదలైనప్పటి నుంచి ఉగాది దాకా ఊరి బయట మర్రిచెట్ల కింద, చెరువు కట్టల పక్కన ఏదో ఒక గుంపు దిగి ఉండేది. ఈత చాపల గుడిసెలు, గాడిదలు, కోళ్లు, కుక్కలు, మూడు రాళ్ల పొయ్యిలు. సంక్రాంతికి గంగిరెద్దుల వాళ్లు సన్నాయితో ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. దూదేకుల వాళ్లు పెద్ద విల్లు భుజాన వేసుకుని వచ్చి, నారి మీద కొడవలా బలమైన దెబ్బతో పాత పరుపుల దూదిని మబ్బుల్లా లేపేవాళ్లు. వడ్డెర ఆడవాళ్లు ఉలీ సుత్తీ పట్టుకుని, అరిగిన రోళ్లకూ ఇసుర్రాళ్లకూ గంట్లు కొట్టి వెళ్లేవాళ్లు. దొమ్మరి వాళ్లు వాడ నడుమ గడ పాతేవాళ్లు. బుడబుక్కల వాళ్లు తెల్లవారుజామునే వచ్చి ఇంటి ముందు మంచి మాట పలికి, పాత బట్ట అడిగి తీసుకునేవాళ్లు.

ఆడవాళ్లు ఎక్కువగా ఎదురుచూసింది మాత్రం పూసలోళ్ల కోసమే. వచ్చేదీ ఆడవాళ్లే. నెత్తిన గంప, చంకన పిల్ల. గంప దించితే అందులో నల్లపూసలు, సూదులు, దబ్బనాలు, పిన్నీసులు, పేన్ల దువ్వెనలు, రిబ్బన్లు, కాటుక, సవరాలు. అంగడికి పోవాలంటే మగవాళ్ల చేతిలోని డబ్బు కావాలి. పూసలామె దగ్గర డబ్బే అక్కర్లేదు. దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలను ఉండ చుట్టి గోడ సందులో దాచుకుంటే ఆ ఉండకే దువ్వెన వచ్చేది. ఇంట్లో మగవాళ్లెవరికీ తెలియని బేరం అది. వాకిట్లో కూర్చున్న ఆ పావుగంటలో పూసలామె అవతలి ఊరి కబుర్లు కూడా చెప్పేది. ఎవరింట్లో పిల్ల ఈడుకొచ్చింది, ఎవరి కోడలు పుట్టింటికెళ్లి తిరిగి రాలేదు వంటివి. ఎన్నో సంబంధాలు ఆ గంప పక్కనే మొదలయ్యాయి. ఎరుకలామెది ఇంకో తీరు. ఆమె మగవాళ్లు అల్లిన బుట్టలు అమ్మేది, గద్దె చెప్పేది. అమ్మలక్కలు పైకి చెప్పుకోలేని దుఃఖాన్ని ఆమె ముందు చేయి చాపి చెప్పుకునేవాళ్లు. దాని ఖరీదు చేటెడు గింజలు.

ఇవి చేతి పనుల మాటలు. వీటికంటే పట్టుదలగా, కట్టుబాటుతో సాగిన తిరుగుడు ఇంకొకటి ఉంది. అది కథల వాళ్లది.

తెలంగాణలో దాదాపు ప్రతి పెద్ద కులానికీ తమ పుట్టుపూర్వాలు చెప్పే మరో చిన్న కులం ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి కూనపులి వాళ్లు బొమ్మల పటం చుట్టుకుని వస్తారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పడానికి మందహెచ్చుల వాళ్లు కొయ్యబొమ్మల పెట్టె మోసుకొస్తారు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజ వాయించే వాళ్లు, రెడ్లకు పిచ్చుకకుంట్ల వాళ్లు, మాదిగలకు చిందు, డక్కలి వాళ్లు. వీళ్లు ఎవరి కథ చెబుతారో వాళ్ల దగ్గరే అడుగుతారు. ఇంకో కులం గడప ఎదుట చేయి చాపరు. చాపితే అది తప్పు, కులపంచాయితీ కూర్చుంటుంది. తీసుకున్న దానికి కూడా భిక్ష అనే మాట వాడరు. త్యాగం అంటారు, కట్నం అంటారు. ఇచ్చేవాడికి అది బాకీ, తీసుకునేవాడికి అది హక్కు.

ఆ హక్కుకు మిరాశి అని పేరు. ఫలానా పది ఊళ్లు ఒక కుటుంబానివి, పక్క పది ఊళ్లు వాళ్ల దాయాదులవి. అన్నదమ్ములు వేరు పడితే భూములు పంచుకున్నట్టు ఊళ్లు పంచుకునేవాళ్లు. పిల్ల పెళ్లికి రెండు ఊళ్లు అల్లుడికి రాసిచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. కొందరి దగ్గర ఆ హక్కును చెప్పే రాగి రేకులు తరతరాలుగా ఉన్నాయి. గజం నేల లేని మనిషి కూతురికి రెండు ఊళ్లు కట్నం ఇవ్వగలగడం ఇప్పటి రిజిస్ట్రేషన్ ఆఫీసులకు అంతు చిక్కే సంగతి కాదు.

పిచ్చుకకుంట్ల వాళ్ల పని మరీ విచిత్రమైనది. రెడ్ల ఇళ్ల ముందు నిలబడి ఆ ఇంటి గోత్రం, ఏడు తరాల పేర్లు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి కదిలారో వరసగా చదివేవాళ్లు. ఏడాది కిందట ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ పేరు అడిగి తెలుసుకుని ఆ వరసలో చేర్చుకునేవాళ్లు. సొంత ఊరు లేనివాడి నోట్లో ఊళ్లోవాళ్ల వంశం భద్రంగా ఉండేది. ఇల్లు కదలని ఆసామికి తన తాత తండ్రి పేరు గుర్తుండేది కాదు.

అయితే ఈ ఏర్పాటును అందమైన పాతకాలంగా చూపించి ఊరుకుంటే అబద్ధమే అవుతుంది. ఊరు వీళ్లకు గింజలిచ్చింది, గౌరవం మాత్రం మెట్లు కట్టి ఇచ్చింది. అంటరానితనం కింద నలిగిన మాదిగల దగ్గర కూడా డక్కలి వాళ్లు వాడ బయటే ఆగవలసి వచ్చేది. మాదిగల పుట్టుక గొప్పదని జాంబపురాణం చెప్పిన నోటికి ఆ మాదిగ ఇంట్లోకే ప్రవేశం లేదు. ఆ డక్కలి వాళ్ల చేతిలో ఉన్న వాద్యం కిన్నెర. వెదురు దండె, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనంతో నిలిపిన మెట్లు. పాత పాలమూరు జిల్లాలోని, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథ పాడుతూ ఊళ్లు తిరిగారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి ఒక కట్టడం దగ్గర కూలి పని చేస్తున్న దృశ్యం పత్రికల్లో వచ్చింది. 2024లోనే నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ ప్రకటించారు. రెండేళ్ల తేడాలో రెండు పద్మశ్రీలు, రెండూ పాలమూరు మెట్టల్లో తిరిగిన తీగలకే.

బుడగ జంగాలది వేరే దారి. వాళ్లు ఏ ఒక్క కులానికో కట్టుబడలేదు, ఊరందరికీ కథ చెప్పారు. నడుమ తంబుర పట్టిన కథకుడు, అతని బొటనవేలికి గుల్లలు మోగే అందె, పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడే ఆడవాళ్లు. బాలనాగమ్మ, కాంభోజరాజు, దేశింగురాజు. ఒక్కో కథ మూడు రాత్రులు, ఐదు రాత్రులు. మంచి పట్టులో ఆపి "తెల్లారిందమ్మా, మిగిలింది రేపు" అనేవాళ్లు. మర్నాడు పొద్దున చేటల్లో గింజలు వచ్చేవి. ఈ పాత కథనే 1940లలో ప్రజానాట్యమండలి చేతిలోకి తీసుకుని బుర్రకథగా మలచింది. షేక్ నాజర్ దాన్ని తెలుగు దేశమంతా మోగించారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. నల్లగొండ పల్లెల్లో దొరల మీద రైతులు తిరగబడిన రోజుల్లో బుర్రకథ చెప్పడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. ఆ పేరూ ప్రతిష్ఠా కొత్త దళాలకు వెళ్లాయి. చెరువు కట్ట మీది గుడిసెలో ఉన్న జంగాల గుమ్మెటకు మాత్రం చేటెడు గింజలే మిగిలాయి.

తిరిగేవాళ్లలో ఒక్కరు మాత్రం గట్టిగా ఊళ్లు కట్టుకుని నిలబడ్డారు. లంబాడీలు. 17వ శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎడ్లు ఒక్క బారుగా ఉప్పు, ధాన్యం మోసుకుపోవడం చూశాడు. ఇరుకు దారిలో వాళ్లు ఎదురైతే, ఆ బారు దాటేదాకా రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట. సముద్రం ఒడ్డు ఉప్పు నల్లగొండ పులుసుల్లోకి చేరింది ఆ ఎద్దుల వీపుల మీదనే. తండా అంటే మొదట ఆ ఎడ్ల బిడారమే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి భువనగిరి, ఆలేరు మీదుగా బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. ఎద్దు మోసే బరువుకు గిరాకీ పోయింది. బిడారం ఆగిన గుట్టల పక్కనే ఎవుసం మొదలైంది. దేవరకొండ వైపు ఏ దారిన వెళ్లినా తగిలే తండాలు అలా నిలిచినవే. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ఐదు వందల జనాభా దాటిన తండాలను గ్రామపంచాయతీలుగా చేసింది. నడిచే బిడారానికి ఉన్న పేరు ఇప్పుడు పంచాయతీ ఆఫీసు బోర్డు మీద ఉంది.

మిగిలిన వాళ్లకు సర్కారు మొదట ఇచ్చిన కాగితం వేరు. 1871లో ఇంగ్లీషు వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. నిజాం రాజ్యమూ అదే బాట పట్టింది. పుట్టుకతోనే దొంగ అని రాసుకునే చట్టం అది. ఎరుకల వాళ్లు పోలీసు పటేలు దగ్గర హాజరు వేయించుకోకుండా ఊరు దాటకూడదు. 1913లో ఆంధ్ర తీరంలో స్టువర్టుపురం పుట్టింది ఆ చట్టం నీడలోనే. 1952లో చట్టం రద్దయింది, పేరు విముక్త జాతులు అని మారింది. ఊరి నోట్లో మాట మాత్రం అంత తొందరగా మారలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా చెరువు కట్ట మీది గుడిసెలనే ముందు వెతికేవాళ్లు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్లను పుట్టుకతో నేరస్థులుగా చూసే రాతలనూ తప్పుపట్టింది. రద్దయిన చట్టం డెబ్బై రెండేళ్ల తర్వాత కూడా జైలు రూల్సు పుస్తకంలో బతికి ఉందన్నమాట.

చట్టం తర్వాత స్టీలు వచ్చింది. స్టీలు గిన్నెకు కళాయి అక్కర్లేదు. ప్లాస్టిక్ బుట్టకు ఈత బద్ద అక్కర్లేదు. మిక్సీకి గంట్లు కొట్టే పని లేదు, ఫోం పరుపుకు దూదేకే పని లేదు. 1972 వన్యప్రాణి చట్టంతో పాముల బుట్ట, ఎలుగుబంటి తాడు కూడా నేరంగా మారాయి. ఇది ఇక్కడి గోడు మాత్రమే అనుకోనక్కర్లేదు. ఎక్కడో ఐర్లాండులో గుర్రబ్బండ్ల మీద తిరుగుతూ రైతుల ఇళ్ల దగ్గర రేకు డబ్బాలు, బకెట్లు చేసిచ్చే జనం ఉండేవాళ్లు. 1950, 60లలో ప్లాస్టిక్ బకెట్ వాళ్ల సుత్తిని మూలన పెట్టింది. 1963లో అక్కడి కమిషన్ ఒకటి వీళ్లను ఎలాగైనా స్థిరపరచి మిగతా జనంలో కలిపేయాలని రాసింది. అదే ప్రభుత్వం 2017 మార్చి 1న, వీళ్లు తమదైన సంస్కృతి ఉన్న ప్రత్యేక జాతి అని పార్లమెంటులో ఒప్పుకుంది. కలిపేయాలన్న మాటకీ, వేరే అని ఒప్పుకున్న మాటకీ మధ్య యాభై నాలుగేళ్లు పట్టింది.

అయితే పాలమూరు కథలో ఐర్లాండుకు లేని మలుపొకటి ఉంది. ఇక్కడ తిరిగేవాళ్లకు గింజలు కొలిచిన ఊరే లేచి నడక మొదలుపెట్టింది. నాగార్జునసాగర్ పునాది పడిన 1955కు ముందూ తర్వాతా, దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ ఉండవలసిందే. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. పండుగ కాగానే ఇంటికి తాళం పడేది. మక్తల్, నారాయణపేట, కోస్గి వైపు పల్లెల్లో ముసలివాళ్లూ, బడికెళ్లే ఒకరిద్దరు పిల్లలూ తప్ప మిగిలినవాళ్లు బొంబాయి, పుణె బాట పట్టేవాళ్లు. కోతలయ్యాక ఊరికి రావడం తిరిగేవాళ్ల వరస అయితే, అదే కోతలయ్యాక ఊరు విడవడం ఊరివాళ్ల వరస అయింది. కథ చెప్పడానికి వచ్చిన జంగం ముందు తాళాలు వేలాడుతుంటే గుమ్మెట ఎవరి కోసం మోగాలి? టీవీ వచ్చి కథలు చచ్చిపోయాయని అందరూ అంటారు. ఈ మెట్టల్లో టీవీ కంటే ముందు తాళం కప్పే ఆ పని చేసింది.

వినేవాళ్లు పోవడంతో గుర్తుపట్టేవాళ్లూ పోయారు. తాతకు తెలిసిన జంగం మనవడికి బిచ్చగాడు. నాయనమ్మకు తెలిసిన పూసలామె మనవరాలికి ఎవరో కొత్త ఆడమనిషి. ఎవరో కొత్తవాళ్లు అన్న మాట ఎంత దూరం పోతుందో 2018 చూపించింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఆ ఏడు ఎండాకాలంలో వాట్సప్‌లో బొమ్మలు, మాటలు తిరిగాయి. మే నెలలో ఒక్క వారంలోనే బీబీనగర్ మండలంలో ఒక మనిషిని, హైదరాబాద్‌లో పాలమూరు నుంచి భిక్షాటనకు వెళ్లిన ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో డవరి గోసావి అనే సంచార జాతి వాళ్లు ఐదుగురు సంతలో అలాగే చనిపోయారు. వాళ్ల తాతలు అదే సంతల్లో తిరిగి, గింజలు అడుక్కుని, చెట్ల కింద పడుకుని లేచినవాళ్లే.

అదే కాలంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారిగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని చెప్పుకోదగ్గది. పుకారు తొలి వార్త వినగానే కానిస్టేబుళ్లను ఒక్కొక్కరిని కొన్ని ఊళ్లకు పంపి, జనంతో కూర్చుని మాట్లాడించారు. సుమారు 400 ఊళ్లలో డప్పు కొట్టించి చాటింపు వేయించారు. పాటలు కట్టించి పాడించారు. ఆ రెండు జిల్లాల్లో ఆ పుకారుకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఫోన్‌లో వచ్చిన అబద్ధాన్ని తరిమింది డప్పూ, పాటా. సంచార కులాలు తరతరాలుగా తిండి సంపాదించుకున్న సరుకు అదే.

ప్రభుత్వ జాబితాల కథ కొంచెం ఆలస్యంగా నడిచింది. సంచార జాతుల్లో ఎంతోమందికి రేషన్ కార్డు, ఓటు, ఇల్లు, కుల ధ్రువపత్రం లేవని 2008లో రేణ్కే కమిషన్ నివేదిక చెప్పింది. ఊరు అడిగితే ఏ ఊరు చెప్పాలి? పిల్లవాడిని బడిలో వేయాలన్నా, స్కాలర్‌షిప్ కావాలన్నా ఎమ్మార్వో ఆఫీసులో కులం పేరు రాసిన కాగితం కావాలి. ఆ కులం పేరే జాబితాలో లేకపోతే గుమాస్తా పెన్ను కదలదు. తెలంగాణ ప్రభుత్వం 2020లో 17 కులాలను వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చింది. కాకిపడగల, పటంవారు, తెరచీరల, ఏనూటి, అద్దపువారు, బైల్‌కమ్మర, గంజికూటివారు, తోలుబొమ్మలాట వారు. చాలామంది ఆఫీసర్లు ఆ రోజే మొదటిసారి విన్న పేర్లవి. గొల్లల ఇళ్లలో, ముదిరాజుల ఇళ్లలో ముసలివాళ్లకు మాత్రం కొత్త కాదు. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణలో బుడగ జంగాలు, డక్కలి వాళ్లు మరో 13 కులాలతో కలిసి మొదటి గ్రూపులో ఉన్నారు. వాళ్ల వాటా ఒక శాతం. పది ఊళ్ల మీద హక్కు చెప్పుకున్న కుటుంబానికి ఇప్పుడు ఆ ఒక శాతంలో తన వంతు కోసం వరసలో నిలబడడం కొత్త మిరాశి.

తిరుగుడు మాత్రం ఆగలేదు. పూసలోళ్ల మనవలు మోటారు సైకిలు మీద స్టీలు డబ్బాలు కట్టుకుని, స్పీకర్లో రికార్డు చేసిన గొంతుతో ఇప్పటికీ వెంట్రుకలే అడుగుతున్నారు. ఉల్లిగడ్డల ఆటో, కుక్కర్ల రిపేరు ఆటో, పాత ఇనుము కొనే ఆటో ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉన్నాయి. రోడ్ల పక్కన రాజస్థాన్ నుంచి వచ్చిన కమ్మరులు గొడ్డళ్లు సాగగొడుతున్నారు. వరి కోతకు పొరుగు రాష్ట్రాల హార్వెస్టర్లు దిగుతున్నాయి. కల్వకుర్తి, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వలస కొంత తగ్గిన పాలమూరు పల్లెలకు ఇప్పుడు నాట్లు వేయడానికి బిహార్ కూలీలు వస్తున్నారు. ఊరి చివర బడి వరండాలో వాళ్ల వంట పొయ్యిలు కనిపిస్తాయి. మూడు రాళ్లు, పైన గిన్నె. చూసినవాళ్లకు చెరువు కట్ట గుర్తుకొస్తుంది.

పాత పద్ధతిలో, పాత అరువుతో ఇంకా నడుస్తున్నది గొర్రెల మంద ఒక్కటే. వానకాలం పంట కాగానే పాలమూరు గొల్లకురుమలు మందలను తోలుకుని సాగర్ ఎడమ కాలువ కింది నల్లగొండ పొలాల వైపు, కొందరు కృష్ణ దాటి ఇంకా కిందికి దిగుతారు. వరి కోసిన మళ్లలో పగలంతా మేపి, రాత్రి వల కట్టి మందను ఒక మడిలో పడుకోబెడతారు. తెల్లవారేసరికి ఆ మడికి ఏడాదికి సరిపడా ఎరువు. ఎన్ని రాత్రులు పడుకోబెడితే అంత లెక్క. ఎరువు బస్తా ధర పెరిగే కొద్దీ మందకు మర్యాద పెరుగుతోంది. ఇదివరకు సామాను గాడిద మీద వచ్చేది, ఇప్పుడు ట్రాలీ ఆటోలో వస్తోంది. ఎక్కడ నీళ్లున్నాయో, ఎవరి మడి ఖాళీ అయిందో ముందే ఫోన్‌లో తెలుస్తోంది.

జూన్‌లో తొలి వాన పడగానే మంద తిరుగుముఖం పడుతుంది. బయల్దేరేముందు లెక్క చూసుకుంటారు. రైతు చేతిలో అప్పటికి డబ్బు ఆడకపోతే సగం ఇస్తాడు. మిగతా సగం, "మల్లొచ్చినప్పుడు తీస్కో". పెద్దగొల్ల తలూపి, వల చుట్టుకుని, కుక్కను పిలుస్తాడు.